దగ్గన్నకు లేని కణాలు

అతను పనిలోకి దిగాడని ఎవరూ కబురు చెప్పనక్కర్లేదు. లిఫ్టు గోతిలోంచి దగ్గు లేచి, ఆ ఇరుకు గోడల మధ్య గింగిరాలు తిరుగుతూ పై అంతస్తు తలుపు సందులోంచి బయటికొచ్చేది. మెట్లెక్కలేక కింద కూర్చున్న పెద్దవాళ్ళు "దగ్గన్న వచ్చాడు, ఇంక ఫరవాలేదు" అనుకుని సంచులు సర్దుకునేవారు. అసలు పేరు జీతం కాగితం మీద ఉండేది. దానితో పిలిస్తే ఒక్కోసారి అతనే పలికేవాడు కాదు.

పుట్టిన కొత్తలో బొద్దుగా, బంగారుబొమ్మలా ఉండేవాడట. పాకే వయసు వచ్చేసరికి మొదలైంది. చెవి కారడం తగ్గితే ముక్కు, ముక్కు తగ్గితే ఛాతీ. బడికి వెళ్ళిన రోజులకన్నా దుప్పటి కప్పుకుని కిటికీలోంచి బడిని చూసిన రోజులే ఎక్కువ. ఎడమ చెవి సగం వినికిడి పోగొట్టుకుని ఊరుకుంది. చూసిన ప్రతి డాక్టరూ ఏదో ఒక మందు రాసేవాడు, మందు పనిచేసేది, మళ్ళీ వచ్చేది. పెద్దయ్యాక లిఫ్టు మెకానిక్కు అయితే కారణం వెతుక్కునే పని కూడా తప్పింది. "దుమ్ములో పనిచేస్తావు, దగ్గు రాక పాటలు వస్తాయా?" అనేవారు.

జబ్బుకన్నా మొండి అలవాటు ఇంకొకటి ఉండేది అతనికి, అడగడం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, దగ్గన్న దగ్గర ఆ సామెత తిరగబడేది. ఏ చిన్న సంగతి చెప్పినా "అదెందుకలా?" అనేవాడు, జవాబొస్తే దానికింకో ఎందుకు తగిలించేవాడు. పెళ్ళైన కొత్తలో భార్య మురిసిపోయి అన్నింటికీ ఓపిగ్గా చెప్పేది. కూతురు పుట్టాక "మీ ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు అడుక్కోండి, నన్నొదిలేయండి" అని దణ్ణం పెట్టేసింది.

నలభై దాటిన ఏడాది, వానలు పట్టుకున్న రోజుల్లో, నిమోనియా వచ్చి ఆస్పత్రిలో పడ్డాడు. అది కొత్తేం కాదు. కొత్తగా జరిగిందల్లా, చెవి నొప్పిగా ఉందంటే చూడటానికి వచ్చిన చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ, చెవి చూశాక నోరు కూడా తెరవమనడం. టార్చి వేసి చూసింది. దగ్గరకు జరిగి మళ్ళీ చూసింది.

"టాన్సిల్స్ ఎప్పుడు తీయించుకున్నారు?"

"తీయించుకోలేదమ్మా."

"మరీ చిన్నప్పుడు తీసుంటారు. మీకు గుర్తుండదు."

"మా అమ్మ బయట బల్లమీద ఉంది, అడగండి. నా ఒంట్లోంచి పన్నూడినా ఆవిడ దగ్గర లెక్క ఉంటుంది."

తల్లి లోపలికొచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, జలుబంటే ఎలా ఉంటుందో కొడుకుని చూసి తెలుసుకోవలసిందే తప్ప సొంతంగా ఎరగదు. "వీడి గొంతులో కత్తి పెట్టనిచ్చే ప్రసక్తే లేదమ్మా. సూది గుచ్చితేనే నేను ఓర్చుకోలేకపోయేదాన్ని" అంది.

"మరి అవేమైనట్టు?" అన్నాడు దగ్గన్న. అడిగింది డాక్టరమ్మ కాదు, అతనే.

ఆవిడ టార్చి ఆర్పింది. "గొంతులో అటూ ఇటూ ఉండే ఆ ముద్దలు చాలావరకు ఒక రకం కణాలతోనే నిండుతాయి. క్రిములమీదికి యాంటీబాడీలు తయారుచేసే కణాలు. అవి లేకపోతే ముద్దలు పెరగవు. ఇది నా అనుమానం మాత్రమే. రక్తం చూడాలి."

ఆ మాట తప్పు కావాలని ఆవిడ మొహం కోరుకుంటోంది. దగ్గన్నకు మాత్రం జ్వరంలో కూడా ఒళ్ళు తేలికపడింది. ఇన్నేళ్ళూ నీకు దుమ్ము పడదు, చలి పడదు, నీళ్ళు పడవు అన్నారే కానీ, నీ ఒంట్లో ఫలానాది లేదు అని ఎవరూ అనలేదు. ఇప్పుడు వెతకడానికి ఒక చోటు దొరికింది.

రక్తంలో యాంటీబాడీలు దాదాపు లేవని తేలింది. దాంతో పెద్దాస్పత్రికి పంపారు. అక్కడ ఇలాంటి జబ్బులే చూసే ఒక పెద్ద డాక్టరు, నెమ్మదస్తుడు, కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టుకుని మాట్లాడే మనిషి. పరీక్ష ఫలితం నోటితో చెప్పబోతుంటే దగ్గన్న "చూపించగలరా సార్?" అన్నాడు. డాక్టరు ఒక క్షణం చూసి కంప్యూటరు తెర అతని వైపు తిప్పాడు.

తెరనిండా చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో కణం. డాక్టరు ముందు తన రక్తంలోని చుక్కలు చూపించాడు, కొత్త యంత్రం వచ్చినప్పుడు సరిచూసుకోవడానికి ఆయనే రక్తమిచ్చాడట. అందులో రెండు గుంపులు, వేరువేరు మూలల్లో, చీమలు మూగినట్టు. తర్వాత దగ్గన్నవి. ఒక గుంపు అలాగే ఉంది. రెండో మూలలో నాలుగు చుక్కలు, దారి తప్పి వచ్చినట్టు.

"ఇవి మీ టీ కణాలు, బాగున్నాయి. అందుకే ఇన్నాళ్ళు నెట్టుకొచ్చారు. ఇక్కడ ఉండాల్సినవి బీ కణాలు, యాంటీబాడీలు తయారుచేసేవి."

"ఎక్కడికి పోయాయి సార్?"

"పోలేదు. ఎదగలేదు. ఎముక మూలుగలో పుడతాయివి. పుట్టినవన్నీ బయటికి రావు. మధ్యదారిలో ఒక పరీక్ష ఉంటుంది. కణం తన ఒంటిమీద ఒక గ్రాహకం తయారుచేసుకుంటుంది, రేపు క్రిమిని పట్టుకోవడానికి పనికొచ్చేది. అది సరిగ్గా తయారైందని కణం లోపలికి కబురు అందాలి. ఆ కబురు మోసే వాటిలో ఒకటి బీటీకే అనే ప్రోటీను. దాన్ని తయారుచేసే జన్యువు మీలో దెబ్బతింది."

దగ్గన్న దాన్ని లిఫ్టు భాషలోకి మార్చుకున్నాడు. "బటన్ నొక్కారు, దీపం వెలిగింది, లోపల కబురు అందించే రిలే పనిచేయక లిఫ్టు కదల్లేదు. అంతేనా?"

"దాదాపు. కానీ కదలని లిఫ్టు అక్కడే నిలబడి ఉంటుంది, మీరెళ్ళి బాగుచేస్తారు. కబురందని కణం నిలబడదు, చచ్చిపోతుంది. పనికిమాలిన కణాల్ని బయటికి రానివ్వకుండా ఒళ్ళు పెట్టుకున్న నియమం అది. మీ కణాల గ్రాహకాలు బాగానే ఉండి ఉండొచ్చు. ఆ మాట లోపలికి చేరక, అవీ పనికిమాలిన వాటి లెక్కలో పోతున్నాయి."

"మరి ఈ నాలుగూ?"

"మీ ప్రోటీను పూర్తిగా చచ్చిపోలేదు. ఎప్పుడో ఒకసారి కబురు అందుతోంది."

ఆ రోజు నుంచి ఆయన దగ్గన్నకు చుక్కల డాక్టరయ్యాడు. వైద్యం తేలిగ్గానే ఉంది. లేని యాంటీబాడీలను నెలకోసారి సెలైనులా ఎక్కించుకోవాలి, బతికున్నన్నాళ్ళూ. వేలమంది దానమిచ్చిన రక్తంలోంచి తీస్తారట. మొదటిసారి సీసా ఎక్కుతుంటే దగ్గన్న దానికేసే చూస్తూ కూర్చున్నాడు. ఎవరెవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎప్పుడో పడ్డ జ్వరాలు, వాటినుంచి వాళ్ళ ఒళ్ళు నేర్చుకున్న పాఠాలు తన చేతిలోకి దిగుతున్నాయి. "ఇన్నేళ్ళూ చదవకుండా ఇప్పుడు కాపీ కొడుతున్నాను" అన్నాడు భార్యతో. ఆవిడ నవ్వలేదు. అతని మోచేతి దగ్గర టేపు సరిచేసి, మొహం పక్కకు తిప్పుకుంది.

ఇంట్లో అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. ఆ జన్యువు తల్లివైపు నుంచి వస్తుందని, మగపిల్లల్లోనే సాధారణంగా జబ్బుగా బయటపడుతుందని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చున్నాక తల్లి అంది.

"నాకో తమ్ముడుండేవాడు. నీకెప్పుడూ చెప్పలేదు. ఆరేళ్ళప్పుడు పోయాడు. ఇలాగే, చెవులు, దగ్గు. ఎందుకో మా అమ్మకూ తెలియలేదు. ఇప్పుడు నేను నీకు అదే ఇచ్చాను."

"నువ్వు తెలిసి ఇచ్చావా?"

"తెలియకపోతే మాత్రం?"

దగ్గన్న ఏమీ తోచనప్పుడు చేసే పనే చేశాడు, డాక్టర్ని అడిగాడు. అమ్మలోనూ ఆ చెడ్డ జన్యువు ఉంటే, ఆవిడకు ఒక్క తుమ్ము కూడా ఎందుకు రాదు? డాక్టరు కళ్ళజోడు దించుకుని "ఆవిణ్ణి తీసుకురండి" అన్నాడు. పరీక్ష చేశాక ఆవిణ్ణే ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"అమ్మా, మీ దగ్గర ఈ జన్యువు రెండు కాపీలుంది. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. మీ ఒంట్లో ప్రతి కణమూ ఏదో ఒకటే వాడుతుంది, రెండోదాన్ని మూసి పెట్టేస్తుంది. చర్మంలో చూస్తే ఇంచుమించు సగం కణాలు మంచిదాన్ని, సగం చెడ్డదాన్ని వాడుకుంటూ ఉంటాయి. కానీ మీ బీ కణాల్లో వెతికితే, అన్నీ మంచిదే. చెడ్డదాన్ని ఎంచుకున్నవి ఎదగలేక మూలుగలోనే రాలిపోయాయి. మంచివి ఆ ఖాళీ నింపేశాయి. డెబ్బై ఏళ్ళుగా మీ ఒళ్ళు ఈ ఏరివేత చేస్తూనే ఉంది."

"నాకు తెలియకుండానా?"

"మీకు తెలియకుండానే."

తల్లి తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది, ఎవరివో చేతుల్లా. "బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుకుందన్నమాట. వీడికీ ఏరిపెట్టి ఉండాల్సింది."

"మీ అబ్బాయి దగ్గర ఏరుకోవడానికి రెండో కాపీ లేదమ్మా. మగవాళ్ళకి ఒక్కటే. అయినా మీరేం వట్టి చేతులతో పంపలేదు. కడుపులో ఉండగానే మీ యాంటీబాడీలు బొడ్డుతాడు గుండా వెళ్ళాయి. పుట్టాక కొన్ని నెలలు బాగున్నాడన్నారే, అది మీ సొమ్మే. అవి అయిపోయాక జబ్బు పడ్డాడు."

ఆవిడ దిగులు ఒక్కమాటతో పోయేది కాదు, పోలేదు కూడా. కానీ ఆ రోజు దారిపొడుగునా "నిజంగా సగం సగమేనట్రా?" అని కొడుకుని అడుగుతూనే ఉంది. అడిగే గుణం కూడా ఎవరివైపునుంచి వచ్చిందో దగ్గన్నకు అప్పుడే తెలిసింది.

దగ్గన్నకు ఒక చెల్లెలు. పెళ్ళైన చాలా ఏళ్ళకు ఆ ఏడే కొడుకు పుట్టాడు. ఇంకా బోర్లా పడడం కొత్త. డాక్టరు చెల్లెలికీ పరీక్ష చేయాలన్నాడు, చేస్తే ఆమెలోనూ ఆ చెడ్డ కాపీ ఉంది. దగ్గన్న కూతురిలో కూడా తప్పకుండా ఉంటుంది, తండ్రికున్న ఒక్క కాపీ కూతురికే వెళ్ళాలి కనక. ఆ పిల్ల "అయితే నాన్న నాకు ఇచ్చినవాటిల్లో ఇదొకటి, ముక్కొకటి" అని తేల్చేసింది. పిల్లాడికీ పరీక్ష చేయిద్దామని దగ్గన్న అడగబోతే, చెల్లెలు మాత్రం గుమ్మంలోనే అడ్డం తిరిగింది.

"నాకు చేశారు, సరే. నా బిడ్డ జోలికి రావద్దు."

"చిటికెడు రక్తమే కదమ్మా."

"వాడు గుండ్రాయిలా ఉన్నాడన్నయ్యా. నీ జబ్బు తెచ్చి వాడికి అంటగట్టకు."

"గుండ్రాయిలా ఉన్నాడనే నా భయం. నేనూ అలాగే ఉండేవాణ్ణట. నీ యాంటీబాడీలు ఉన్నన్నాళ్ళే అది."

"నువ్వు డాక్టరువా?"

చెల్లెలు పిల్లాణ్ణి భుజాన వేసుకుని లోపలికెళ్ళిపోయింది. తల్లి వెళ్ళి చెప్పింది, ఆమె వినలేదు. చెల్లెలి భర్త అటూ ఇటూ కాకుండా నలిగిపోయాడు.

ఇక్కడ డ్రిల్లు మాస్టారి సంగతి చెప్పాలి. దగ్గన్న నెలనెలా సీసా ఎక్కించుకునే గదిలో కిటికీ పక్క కుర్చీ ఆయనది. బడిలో పిల్లలచేత కవాతు చేయించి రిటైరైన మనిషి. చింత చచ్చినా పులుపు చావనట్టు గొంతు ఇంకా మైదానం దాటేలా ఉంటుంది. చేతులనిండా నీలం మచ్చలు. ఆయనకు రక్తంలో ఒక రకం క్యాన్సరు. బీ కణాలు మితిమీరి పెరిగిపోయాయి, కానీ అవి చేయాల్సిన యాంటీబాడీలు సరిగ్గా చేయడం లేదు. అందుకని ఆయనకూ అదే సీసా.

"నీకు సైన్యం లేదు, నాకు సైన్యమంతా క్రమశిక్షణ లేని మంద" అనేవాడాయన.

ఒకరోజు మాస్టారు నీళ్ళతో ఒక మాత్ర మింగబోతుంటే దగ్గన్న మామూలుగానే "అదేం చేస్తుంది?" అన్నాడు.

"ఏదో బీటీకేని ఆపుతుందట."

దగ్గన్న సీసా ఊగేంత కదిలాడు. నర్సు వచ్చి కోప్పడింది. అదే గదిలో, చేయి చాస్తే అందేంత దూరంలో, ఒకడు బీటీకే లేక కూర్చున్నాడు, ఒకాయన బీటీకేని ఆపుకోవడానికి మాత్ర మింగుతున్నాడు. ఇద్దరూ కలిసి చుక్కల డాక్టర్ని పట్టుకున్నారు.

"తప్పేం లేదు" అన్నాడాయన. "ఆ కబురు కణం ఎదగడానికే కాదు, ఎదిగాక బతకడానికీ, పెరగడానికీ కావాలి. మాస్టారి క్యాన్సరు కణాలు ఆ కబురుమీదే బతుకుతున్నాయి. మాత్ర దాన్ని తెంపుతుంది, అవి తగ్గుతాయి. అసలు మీలాంటి వాళ్ళవల్లే మాకు ధైర్యమొచ్చింది. ఈ ప్రోటీను లేకపోయినా గుండె, కాలేయం, మెదడు పనిచేస్తాయని, మిగతా ఒళ్ళు నిలబడుతుందని పుట్టుకతో అది లేనివాళ్ళే చూపించారు."

"అయితే ఆయన చేతులు కమిలిపోతున్నాయే, నాకెప్పుడూ కమలవు. లేనిది ఇద్దరికీ అదే కదా?"

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మంచి ప్రశ్నే. మీలో లేనిది ఆ ఒక్కటే. మాత్ర మాత్రం దాని పోలికలున్న వేరేవాటిని కూడా కాస్త తాకుతుంది. కమలడంలో వాటి పాత్ర ఉందని అనుకుంటున్నాం. పూర్తిగా తెలుసని చెప్పను."

తర్వాతి నెల దగ్గన్నకు తోడుగా భార్య రాలేకపోయింది. తల్లి చెల్లెలికి ఫోన్ చేసి "నువ్వు వెళ్ళు, వాడొక్కడే ఉంటాడు" అంది. అందులో ఎంత అవసరమో, ఎంత ఎత్తుగడో ఎవరూ అడగలేదు. చెల్లెలు పిల్లాణ్ణెత్తుకునే వచ్చింది. అన్నగారి పక్కన బిగదీసుకుని కూర్చుంది. దగ్గన్న నోరు కుట్టేసుకున్నాడు, అతనికి అదొక వింత.

మాట కలిపింది మాస్టారే. పిల్లాణ్ణి చూసి "మీ మేనమామలా ఉన్నావురా, ఆ ముక్కు చూడు" అన్నాడు. చెల్లెలి మొహం మాడిపోయింది. ఆయన అది చూసి, గొంతు తగ్గించడానికి ప్రయత్నించి, తగ్గించలేక, అన్నాడు.

"ఏంటమ్మా నీ భయం?"

ఆమె పిల్లాణ్ణి దగ్గరకు పొదువుకుంది. "ఉందని తేలితే ఏం చేయాలి? ఒంట్లో అంత ముఖ్యమైనది లేకుండా వాడెలా బతుకుతాడు?"

మాస్టారు చొక్కాజేబులోంచి మాత్రల అట్ట తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "చూడు. నాకు అది ఉంది. ఉన్నదాన్ని కోరి ఆపుకుంటున్నాను. ఆపుకోబట్టే మనవరాలి పెళ్ళిలో నిలబడ్డాను. అది లేకపోవడం చిన్న విషయమని చెప్పను, మీ అన్న దగ్గు విన్నావుగా. ఆయన ఊపిరితిత్తులు పాడైంది అది లేకపోవడం వల్ల కాదు, లేదని ఇన్నేళ్ళు తెలియకపోవడం వల్ల."

చెల్లెలు అట్ట తిప్పి తిప్పి చూసింది. తర్వాత అన్నవైపు తిరిగింది. "నీకు చిన్నప్పుడే తెలిసుంటే ఆ చెవి వినపడేదా?"

"వినపడేదనే అన్నారు."

"ఏ చెవి?"

తోబుట్టువుకు అది ఏ చెవో తెలియకపోవడం దగ్గన్నకు ఆశ్చర్యంగా అనిపించింది. చిన్నప్పటినుంచీ ఆమె అతనికి కుడిపక్కనే కూర్చునేది. అలా కూర్చోబెట్టింది అమ్మ. ఎడమ చెవి ముట్టుకుని చూపించాడు. ఆమె పిల్లాణ్ణి ఒడిలో సర్దుకుని, "చిటికెడే కదా తీస్తారు?" అంది.

పిల్లాడి చుక్కల్లో రెండో మూల ఖాళీగా ఉంది. చెల్లెలు ఆ తెరముందు ఏడ్చింది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. తల్లిచ్చినవి ఇంకా పూర్తిగా అయిపోకముందే వాడికి యాంటీబాడీలు మొదలుపెట్టారు. మొదటిసారి నరం దొరక్క వాడు ఆస్పత్రి పైకప్పు లేచిపోయేలా ఏడ్చాడు. తర్వాత్తర్వాత అలవాటు పడ్డాడు. పాకాడు, నడిచాడు, పడి మోకాళ్ళు చీరుకున్నాడు, మామూలు పిల్లల్లాగే జలుబు తెచ్చుకుని మామూలు పిల్లల్లాగే తగ్గించుకున్నాడు. నడక వచ్చాక మాస్టారు వాడిచేత గదిలో కవాతు చేయించేవాడు. వాడికి ఏది ఎడమ కాలో ఏది కుడి కాలో తెలిసేది కాదు, ఆయన వదిలేవాడు కాదు. రెండేళ్ళు అలా గడిచాక ఆయన మాత్ర పనిచేయడం మానేసింది. వేరే మందుకు మార్చారు. కొన్నాళ్ళు కుర్చీ ఖాళీగా ఉంది. తర్వాత బక్కచిక్కి, అదే గొంతుతో తిరిగొచ్చాడు.

దగ్గన్న దగ్గు పూర్తిగా పోలేదు. పాడైన ఊపిరితిత్తి తిరిగి రాదు. కానీ నిమోనియా మళ్ళీ తొంగిచూడలేదు, వానాకాలమంతా పనిలోకి వెళ్తున్నాడు.

ఈమధ్య తల్లి తన తమ్ముడి గురించి మాట్లాడుతోంది. పోయిన సంగతి కాదు, ఉన్నప్పటి సంగతులు. గొంగళిపురుగుల్ని అగ్గిపెట్టెలో దాచేవాడట, ఈల వేయడం రాక చప్పట్లు కొట్టి పిలిచేవాడట. అవి వింటుంటే దగ్గన్నకు ఒక ప్రశ్న పుట్టింది. ఆ నెల డాక్టరు గదిలోకి వెళ్ళి అడిగాడు.

"సార్, మా మామయ్యదీ నాదీ ఒకే జన్యువు, ఒకే దెబ్బ. ఆయన ఆరేళ్ళకు పోయాడు, నేను ఇన్నేళ్ళున్నాను. అప్పుడు మందులు లేవు, నిజమే. అదొక్కటేనా?"

"కాకపోవచ్చు. ఒకే ఇంట్లో, ఒకే దెబ్బతో అన్నదమ్ములున్నా ఒకరు ఎక్కువ బాధపడతారు, ఒకరు తక్కువ. వేరే జన్యువులేవో సాయంచేస్తూ ఉండొచ్చు. ఎందుకో మాకు తెలియదు."

"ఎవరికైనా తెలుసా?"

"ఇంతవరకు ఎవరికీ తెలియదు."

దగ్గన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఎలా కనుక్కుంటారు?" అన్నాడు. బయట వరసలో ఇంకా చాలామంది ఉన్నారు. డాక్టరు తలుపు వైపు ఒకసారి చూసి, తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు.